పులికన్ను రాతి వాచీ

నవంబరు 4, సోమవారం

మా చెల్లి ఫేబ వాచీ బాగైంది. పోయిన నెల వచ్చినప్పుడు బాగుకిచ్చి వెళ్లింది. సాయంత్రం డ్యూటీ దిగి వస్తూ జోగయ్య కొట్లో తీసుకున్నాను. లోపల నూనె ఎండిపోయిందట, అంతే. కడిగి, పాత అద్దం తీసి కొత్తది వేశాడు. నా చేతిలో పెట్టే ముందు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అటూ ఇటూ వంచి చూపించాడు.

"సూసేరా సిస్టరమ్మగారూ? ఇది రంగు కాదండి, రాయి. పులికన్ను రాయి. గోరు మందాన కోసి, మద్దిలో కన్నం పెట్టి ముళ్లు బిగించేరు. నా ముప్పయ్యేళ్లలో రాతి మొకం వాచీ సూడ్డం ఇదే."

నేను పదమూడో ఏటి నుంచి చూస్తున్న వాచీ. మిషన్ ఆస్పత్రిలో ఆయాగా చేసే అమ్మకు, దేశం వదిలి వెళ్తూ దొరసాని డాక్టరమ్మ ఇచ్చింది. అమ్మ క్రిస్మస్ నాడు తప్ప కట్టుకునేది కాదు. అమ్మ పోయాక అది ఫేబకు వెళ్లింది. అద్దం గీతలు పడి పసుపెక్కిపోయి ఉండేది. అదొక మట్టి రంగు వాచీ అనుకున్నాను ఇన్నేళ్లూ.

రాయగడ వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే ఇచ్చి ఫేబకు పంపించాలి.

నవంబరు 5

రాయగడ ఎవరూ వెళ్లడం లేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

నవంబరు 6

బాగు చేసిన వాచీని రెండు రోజులు కట్టుకుని చూడాలి, వెనకబడుతుందో ముందుకు పోతుందో తెలియాలి. జోగయ్య ఈ మాట అన్నట్టే గుర్తు. అనకపోయినా అనేవాడే. అందుకని సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా కట్టుకున్నాను.

దీని మీద అంకెలు లేవు. నిమిషాల గీతలు లేవు. సెకన్ల ముల్లు లేదు. ఉన్నవి రెండే బంగారు ముళ్లు. వెనకబడుతోందో లేదో ఎలా చెప్పడం? ఇంకొన్నాళ్లు పరీక్షించాలి.

నవంబరు 9

పరీక్ష సాగుతోంది.

ఇరవై రెండేళ్లుగా లేబర్ రూములో ఉన్నాను. ఎన్ని వేల మంది పుట్టిన నిమిషాలు రాశానో. జాతకాలు నేను నమ్మను, నమ్మేవాళ్ల కోసం నిమిషం తప్పు రాయను. మొన్న ఒక తాతగారు ఐదూ నలభై మూడా, నలభై నాలుగా అని నాతో అరగంట వాదించాడు. నలభై మూడే. అలాంటి నేను ఇంటికొచ్చి, "మధ్యాహ్నం దాటింది, చీకటి పడలేదు" అని మాత్రం చెప్పే వాచీని చూస్తూ కూర్చుంటున్నాను.

చెయ్యి కదలకపోతే అది చెక్కముక్కలా ఉంటుంది. కొంచెం తిప్పితే లోపల తేనె రంగు వెలుగు గీత ఒకటి మేలుకుంటుంది. ఇంకా తిప్పితే ఆ గీత పక్కకు ఒత్తిగిలుతుంది. నిద్రలో పసిపిల్ల ఒత్తిగిలినట్టు. రాయి ఒత్తిగిలడమేమిటో! అన్నం అడుగంటింది.

నవంబరు 10, ఆదివారం

ఫేబ ఫోన్ చేసింది.

"అక్కా, వాచీ అయిపోనాదేటి?"

"ఏదో పార్టు రావాలట. కలకత్తా నుంచి."

నోటి నుంచి అలా వచ్చేసింది.

"తొందర లేదులే. ఫిబ్రవరి ఎనిమిదిన సస్మితకి ప్రధానం. పెళ్లికొడుకోళ్లు వస్తారు. ఆ రోజు దానికి అమ్మమ్మ వాచీ కడతానని మాటిచ్చేను. అప్పటికైతే సాలు."

సస్మిత మా ఫేబ ఒక్కగానొక్క కూతురు. నన్ను పెద్దమ్మా అని పిలవడమే గాని, నా ఒళ్లోనే పెరిగింది. ఫిబ్రవరికి ఇంకా మూడు నెలలుంది. అది నాకు సంతోషం ఎందుకు కలిగించిందో రాయను.

నవంబరు 14

చెప్పింది పూర్తి అబద్ధమేం కాదు. పట్టీ పాతబడింది, కొత్త పట్టీ కూడా పార్టే. నల్లది కొన్నాను. రాయికి నప్పలేదు. వెనక్కి వెళ్లి కాఫీ గింజ రంగుది తెచ్చాను.

ఇది నా కోసం కాదు. అమ్మాయి ప్రధానానికి పట్టీ బాగుండాలి కదా.

నవంబరు 19

డ్యూటీలో చేతికి వాచీ ఉంటే స్టూడెంట్ నర్సుల్ని నేను తిడతాను. అందుకని క్యాంటీన్‌కు వెళ్లినప్పుడు మాత్రం కట్టుకున్నాను, స్వెట్టర్ చేతి కింద. టీ గ్లాసు ఎత్తినప్పుడు చెయ్యి జారింది. ఎదుట డాక్టర్ మనోరంజన్. మత్తు డాక్టరు. ఆయనకు పాత వాచీల పిచ్చి అని ఆస్పత్రి అంతా తెలుసు. జీతమంతా వాటికే అని ఆయన భార్య గొడవ.

ఆయన టీ వదిలేశాడు. "దీదీ, ఒక్కసారి" అని నా చెయ్యి పట్టుకుని, రోగి నాడి చూసినట్టు పట్టుకుని, కిటికీ వెలుతురులోకి తిప్పాడు. తర్వాత "సుందర్" అన్నాడు. ఇంకా కాసేపటికి "బహుత్ సుందర్" అన్నాడు.

ఆయన చెప్పింది ఇది. రంగు వేసిన డయల్ అయితే ఫ్యాక్టరీ వెయ్యి చేస్తే వెయ్యీ ఒకేలా ఉంటాయి. రాతి డయల్ రెండు ఒకేలా ఉండవు. అంత పలచగా కోసేటప్పుడు కొన్ని విరుగుతాయి. ముళ్ల కోసం కన్నం పెట్టేటప్పుడు ఇంకొన్ని పగులుతాయి. మిగిలింది మిగిలినట్టు. అందుకే కంపెనీలు అప్పట్లో కొన్నాళ్లు చేసి మానేశాయట. "నేను ఫొటోల్లోనే చూశాను దీదీ. కొరాపుట్ క్యాంటీన్లో చూస్తాననుకోలేదు. మీదేనా?"

"మా అమ్మది" అన్నాను.

అబద్ధం కాదు. అమ్మదే.

నవంబరు 24, ఆదివారం

ఫేబ మళ్లీ ఫోన్. పార్టు వచ్చిందా అని. వచ్చింది గాని, జోగయ్యకు ఒంట్లో బాగోలేదన్నాను.

"అయ్యో! ఏటైంది?"

"టైఫాయిడ్."

"అయ్యో పాపం. మన వాచీ సేస్తూ సేస్తూ పడ్డాడేటి?" అంది ఫేబ. గొంతు ఏదోలా ఉంది. జలుబు చేసిందేమో.

నవంబరు 25

టైఫాయిడ్ అని ఎందుకన్నాను? కడుపునొప్పి సరిపోయేది.

డిసెంబరు 1, ఆదివారం

ఫేబ ఫోన్. రాయగడ చర్చిలో స్త్రీల సమాజం వాళ్లు జోగయ్య ఆరోగ్యం కోసం ప్రార్థన చేశారట. పదిహేడు మంది. పేరు చెప్పి మరీ.

అన్నం సహించలేదు.

డిసెంబరు 5

జోగయ్య కొట్టు దాటకుండా బజారుకు పోవడానికి వేరే దారి ఉంది. చుట్టు ఎక్కువ. నడక ఒంటికి మంచిది.

ఈ రోజు ఆలస్యమై తిన్నగా వెళ్లాను. కొట్టు బయట నిలబడి మిరపకాయ బజ్జీ తింటున్నాడు. ఒళ్లు చేసినట్టున్నాడు కూడా.

"ఒంట్లో బాగుందా జోగయ్యా?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"దేవుడి దయ సిస్టరమ్మగారూ. ఎవులో నా కోసం పార్దన సేస్తన్నట్టున్నారు. మా బాగా ఉన్నాను."

అతను హిందువు. ప్రార్థన మాట ఎందుకెత్తాడో!

డిసెంబరు 8, ఆదివారం

ఫేబ అడిగింది, జోగయ్యకు తిండి ఏం పెడుతున్నారని. గంజి అన్నాను. గంజిలో ఉప్పు వేస్తున్నారా అంది. కొంచెం అన్నాను. నిమ్మకాయ? వద్దన్నాను. అది రాసుకుంటున్నట్టు అనిపించింది.

డిసెంబరు 12

ఫోన్‌లో రాతి వాచీల బొమ్మలు చూశాను. చారల చారల ఆకుపచ్చ రాయి, బంగారు నలుసులున్న నీలం రాయి, వట్టి నల్లరాయి, పగడం. అన్నీ బాగున్నాయి. ఏదీ నాకు అక్కర్లేదు.

ఒక పులికన్ను దొరికింది. మనదానంత మెరుపు లేదు. కింద ధర ఉంది. ఫోన్ బోర్లా పెట్టేశాను.

ఇంక దాన్ని కట్టుకోవడానికి భయమేస్తోంది.

డిసెంబరు 15

మళ్లీ కట్టుకున్నాను.

"మనదానంత" అని పైన రాశాను. "ఫేబదానంత" అని రాయాలి. కొట్టేసి దిద్దాలంటే పేజీ పాడవుతుంది. ఉండనీ.

డిసెంబరు 21, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం రెండింటికి తలుపు చప్పుడైంది. గ్యాస్ బండ అబ్బాయి అనుకుని తీశాను. ఫేబ. చేతిలో సంచి, సంచిలో రొట్టె, గ్లూకోజు డబ్బా, ఆరు ఆపిల్ పళ్లు. నేను స్వెట్టర్ చేతిని వేళ్ల దాకా లాక్కున్నాను.

"సెప్పకుండా వచ్చేవేటమ్మీ?"

"జోగయ్యని సూడ్డానికి. నెల్రోజుల్నుంచి మంచాన పడ్డ మనిషి. మనం సూడకపోతే ఎవరు సూస్తారు? పద."

"అంటుకుంటాది" అన్నాను.

"పక్కన నిలబడితే టైఫాయిడ్ అంటుకోదని నువ్వే కదక్కా సెప్పేవు, సస్మితకి వచ్చినప్పుడు."

"ఊళ్లో లేడేమో. విజయనగరం వెళ్లిపోయేడని ఎవరో అన్నారు."

"కొట్లో అడుగుదాం."

తలనొప్పి అన్నాను. ఆటోలో గాలి తగిలితే పోతుందంది. డ్యూటీ ఉందన్నాను. ఆస్పత్రికి ఫోన్ చేసి కనుక్కున్నానంది. దారి పొడుగునా నేను దేవుణ్ణి ఏం అడిగానో ఇక్కడ రాయడానికి సిగ్గేస్తోంది. కొట్టు మూసి ఉండాలని అడిగాను.

తీసే ఉంది. జోగయ్య కంటికి భూతద్దం బిగించుకుని కూర్చున్నాడు. పక్కన పకోడీల పొట్లం. మమ్మల్ని చూడగానే భూతద్దం తీసి, పొట్లం బల్ల కిందికి తోసి, రెండుసార్లు దగ్గాడు.

"వచ్చేరా అమ్మా. ఈ సిస్టరమ్మగారు పెట్టించిన గంజి వల్ల ఇలా లేసి కూకున్నాను. కొంచెం ఉప్పు, నిమ్మకాయ నేకండా."

గంజి సంగతి నేను ఫేబకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఫేబ రొట్టె బల్ల మీద పెట్టింది. గ్లూకోజు డబ్బా పెట్టింది. ఇంక ఆపుకోలేక స్టూలు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కళ్లజోడు తీసి కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. జోగయ్య మాత్రం నవ్వలేదు, నా మొహం చూడలేక తల వంచుకున్నాడు.

"తప్పు నాదేనమ్మా. రసీదు మీద సిన్నమ్మగారి నంబరే ఉన్నాది. ఇచ్చిన వారానికి ఫోన్ సేసేను, వాచీ ఎలా నడుస్తందీ అని. ఆయమ్మ ఏ వాచీ అన్నారు."

నవంబరు రెండో వారం. అంటే టైఫాయిడ్‌కు ముందే. ఫేబకు అన్నీ తెలుసు. తెలిసే పదిహేడు మంది చేత ప్రార్థన చేయించింది.

"ప్రార్థన కూడానా?" అన్నాను.

"పేరు సెప్పలేదులే అక్కా. నీతో అన్నాను గాని. దేవుడి దగ్గర అబద్ధం ఆడతానేటి?"

ఇంటికి వచ్చాం. ఆపిల్ పళ్లు ఫేబ జోగయ్యకు ఇవ్వలేదు, వెనక్కి తెచ్చింది. చాప మీద కూర్చుని ఒకటి తొక్క తీస్తోంది. నేను వాచీ విప్పి దాని ముందు పెట్టాను. తీసుకో, తప్పైపోయింది, నాకేం వద్దు, ఇంకెప్పుడూ దీని ఊసెత్తను అన్నాను.

అప్పుడు నవ్వు పోయింది దాని మొహంలో.

"అదుగో, ఆ మాటే" అంది. "అమ్మ పోయేక, జ్ఞాపకార్థ కూటం అయినాక, అందరి ముందరా నిన్ను అడిగేను, నీకేటి కావాలక్కా అని. ఏటీ వద్దన్నావు. వాచీ వద్దు, చీరలు వద్దు. అమ్మ దుప్పటి కూడా వద్దన్నావు. నువ్వు వద్దన్నవన్నీ నేను మోసుకుని రాయగడ పోయేను. పెద్దమ్మాయి సన్యాసి, సిన్నమ్మాయి ఆశపోతు అన్నారు సుట్టాలు. తొమ్మిదేళ్లయింది. నాకు ఎలాగుంటాదో ఎప్పుడైనా అనుకున్నావా?"

అనుకోలేదు. నేను వదులుకున్నానని, దానికి ఇచ్చానని అనుకున్నాను. నేను మంచిదాన్నని అనుకున్నాను. నా మంచితనం దాని నెత్తిన పడిందని ఈ రోజు దాకా తెలియలేదు.

"నీ అబద్ధాలు ఇంటుంటే నాకు ఎంత బాగుందో తెలుసా?" అంది ఫేబ, ముక్క కోసి నాకిస్తూ. "మా అక్కకి కూడా ఒకటి కావాలనిపించింది, దొంగతనం సేసేంత కావాలనిపించింది అని మా ఆయనతో సెప్పి నవ్వుకున్నాను. ఫోన్లో ఎప్పుడు అడుగుతావా అని సూసేను. నువ్వు జోగయ్యని సంపేసేలా ఉన్నావు గాని అడగవు. అందుకే వచ్చేను. ఇప్పుడు అడుగు."

ముక్క నోట్లో ఉంది. మింగాను.

"కావాలి" అన్నాను.

యాభై ఎనిమిదేళ్ల మనిషిని. గొంతు పిల్లగొంతులా వచ్చింది.

"ఏటి కావాలి?"

"వాచీ. వాచీ కావాలి నాకు."

ఫేబ నా వైపు చూసింది. వాచీ వైపు చూసింది.

"ఇవ్వను" అంది. "సస్మితకి మాటిచ్చేను కదా."

ఇద్దరం ఎంతసేపు నవ్వామో తెలియదు. పక్క క్వార్టర్ వాళ్లు గోడ మీద కొట్టారు. నవ్వి నవ్వి నేను కొంచెం ఏడ్చాను కూడా. అది దానికి కనబడిందో లేదో.

వెళ్తూ వాచీ నా చేతికి అదే కట్టింది. "ప్రధానం దాకా కట్టుకో. స్వెట్టర్ పైన కట్టుకో."

డిసెంబరు 25

చర్చికి కట్టుకుని వెళ్లాను. ముగ్గురు అడిగారు. ముగ్గురికీ చూపించాను. నాలుగో ఆమె అడగలేదు. ఆమెకూ చూపించాను.

జనవరి 7

సెలవు. మెట్ల మీద ఎండలో కూర్చుని స్వెట్టర్ చేతులు పైకి మడుచుకుని వాచీ చూశాను. ఎండలో గీత ఒకటి కాదు, మూడు.

ఇంకేం చేయలేదు ఈ రోజు. చేయాల్సినవి చాలా ఉన్నాయి.

జనవరి 16

స్టూడెంట్ నర్సు కుంతి టైమెంత సిస్టర్ అంది. డ్యూటీ అయిపోయి గేటు దగ్గరున్నాం. నాలుగు ప్రాంతం అన్నాను. నన్ను ఒంట్లో బాగుందా అని అడిగింది.

జనవరి 29

డాక్టర్ మనోరంజన్ తన భార్యను తీసుకొచ్చి మరీ వాచీ చూపించాడు. తన పిచ్చి ఒక్కడిదే కాదని ఆమెకు నిరూపించాలని. ఆమె వాచీ చూసి, నన్ను చూసి, "మీరు కూడానా దీదీ?" అంది. ఆ గొంతులో ఉన్నది జాలే.

"నేను కూడా" అన్నాను.

ఫిబ్రవరి 7

రాయగడ బండి. టికిరి స్టేషన్లో రిఫైనరీ వాళ్లు దిగిపోయాక కిటికీ పక్క చోటు దొరికింది. సొరంగం వచ్చినప్పుడల్లా వాచీ నల్లబడిపోతుంది. బయటికి రాగానే గీత ముందు వెలుగుతుంది, ముళ్లు తర్వాత కనబడతాయి. ఎదుటి సీటు ఆయన నన్నే చూస్తున్నాడు. చూడనీ.

రేపు ఇచ్చేయాలి. ఇవ్వబుద్ధి కావడం లేదు. ఇది ఉన్నది ఉన్నట్టు.

ఫిబ్రవరి 8, శనివారం

ప్రధానం బాగా జరిగింది. పెళ్లికొడుకు మంచివాడిలా ఉన్నాడు, మాట తక్కువ. వాళ్లు రాకముందు లోపలి గదిలో నేనే విప్పి సస్మిత చేతికి కట్టాను. పిల్ల చేతికి అది నాకంటే బాగుంది. అది కూడా ఉన్నది ఉన్నట్టు రాయాలి.

సస్మిత నా మణికట్టు పట్టుకుంది. "పెద్దమ్మా, నీ చేతి మీద అచ్చు పడిపోయింది సూడు." చూశాను. వాచీ ఉన్నచోట చర్మం లేతగా, గుండ్రంగా ఉంది. పట్టీ చారతో సహా.

"అమ్మ అన్నీ సెప్పింది" అంది. కళ్లల్లో నీళ్లు. "నువ్వే ఉంచుకో పెద్దమ్మా. నాకేం వద్దు."

ఆ మాట వినగానే నాకు కోపం వచ్చింది. ఈ ఇంట్లో ఇంకొకరా అని.

"ఆ మాట అనకు. నిజం సెప్పు. నీకు కావాలా?"

తల వంచుకుంది. "కావాలి పెద్దమ్మా. సిన్నప్పట్నుంచీ."

"నాకూ కావాలి. సాలా కావాలి. అయినా నీకే మాటిచ్చింది మీ అమ్మ. కట్టుకో. కట్టుకుని అప్పుడప్పుడు కొరాపుట్ రా. ఊరికే రావొద్దు, వాచీతో రా."

తలుపు దగ్గర ఫేబ నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో. ఏదో ఒకటి అని ఏడిపిస్తుందనుకున్నాను. ముక్కు తుడుచుకుని, పెళ్లికొడుకు వాళ్ల జీపు వచ్చిందని చెప్పి వెళ్లిపోయింది.

ఫిబ్రవరి 11

డ్యూటీ. మధ్యాహ్నం దాకా నాలుగు కాన్పులు, ముగ్గురు ఆడపిల్లలు.

క్యాంటీన్లో డాక్టర్ మనోరంజన్ నా ఉత్త చెయ్యి చూసి టీ గ్లాసు దించాడు. ఇచ్చేశారా అన్నాడు. ఇచ్చేశాను అన్నాను. బాధగా ఉందా దీదీ అన్నాడు.

ఉందన్నాను.

ఆయన నాకూ టీ చెప్పాడు. బిస్కెట్ కావాలా అంటే రెండు అన్నాను.